పిల్లల బేస్‌బాల్, సాఫ్ట్‌బాల్ శిక్షణ: క్రీడా ఉపసంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

గత ఉగాది సమావేశంలో మీరు సరేనన్న పిల్లల శిక్షణ ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా శనివారం సాయంత్రాల్లో జరిగింది.

మొదటి నెల బాగా నడపలేదని ముందే ఒప్పుకుంటున్నాం. ఒకరు బంతి వేయడం, ఒకరు కొట్టడం, మిగతా పిల్లలంతా వరుసలో నిలబడి చూడడం. గంటన్నరలో ఒక్కొక్కరి చేతికి బ్యాట్ వచ్చింది ఐదు నిమిషాలే. అవుట్‌ఫీల్డ్‌లో పెట్టిన చిన్నవాళ్లు గడ్డి పీకుతూ కూర్చున్నారు. తప్పు వాళ్లది కాదు.

మే నుంచి పద్ధతి మార్చాం. మైదానాన్ని నాలుగు మూలలుగా చేసి, ఒకచోట టీ (బంతిని నిలబెట్టే స్టాండు) మీద బంతి పెట్టి కొట్టడం, ఒకచోట నేల మీద దొర్లివచ్చే బంతిని ఆపడం, ఒకచోట జంటలుగా విసిరి పట్టుకోవడం, ఇంకోచోట బేస్‌ల (పరుగులో వరసగా తాకాల్సిన నాలుగు గుర్తుల) చుట్టూ పరుగు. పన్నెండేసి నిమిషాలకు విజిల్ వేసి మూల మారుస్తాం. ప్రతి మూలలో ఒక తల్లో తండ్రో ఉంటారు. మంచినీళ్లు తాగాక, చివర్లో తప్పనిసరిగా ఆట. ఆ ఆట కోసమే పిల్లలు టైముకి రావడం మొదలుపెట్టారు.

మనవాళ్లకు క్రికెట్ అలవాట్లు వదలవు. మొదటి రోజు కుడిచేతి వాటం పిల్లలు కొందరు గ్లోవ్‌ని కుడి చేతికే తొడుక్కుని, ఎలా విసరాలో తెలియక దిక్కులు చూశారు. కొట్టాక బ్యాట్ పట్టుకునే పరుగెత్తేవారు. బ్యాట్ కింద వదిలేయాలని చెబితే వెనక్కి విసిరారు. అక్కడ బంతి పట్టుకునే క్యాచర్ ఉంటాడు కదా! పైగా ఈ ఆటలో కొట్టిన బంతి ఫౌల్ లైన్ల (రెండు పక్కల హద్దు గీతల) లోపల పడితే పరుగెత్తాల్సిందే. ఇండియా నుంచి వచ్చిన తాతగారొకరు "ఆగరా, రన్ లేదు!" అని కేకేస్తే మనవడు దారిలోనే ఆగి ఔటయ్యాడు. ఆ తర్వాత ఆయన్నే ఫస్ట్ బేస్ దగ్గర నిలబెట్టాం, "పరుగెత్తు" అని అరవడానికి.

ఒక విషయంలో కొందరు తల్లిదండ్రులు నొచ్చుకున్నారు. పిల్లల పోటీలు నడిపే లిటిల్ లీగ్ సంస్థ బేస్‌బాల్ నిబంధనల్లో పిచ్చర్ (బంతి వేసేవాడు) ఒక రోజులో విసిరే బంతులకు పరిమితి ఉంది: 9-10 ఏళ్లవారికి 75, 11-12 ఏళ్లవారికి 85. ఆ వయసులో 66 గానీ అంతకు మించి గానీ వేస్తే నాలుగు రోజులు విశ్రాంతి. అది మ్యాచ్‌ల లెక్క. మేం ప్రాక్టీస్‌లోనూ లెక్కపెట్టాం. "మావాడికి చెయ్యి నొప్పేం లేదండీ, ఇంకో పది వేయనివ్వండి" అన్నా ఒప్పుకోలేదు. వచ్చే ఏడూ ఒప్పుకోం.

ఖర్చు సంగతి కోశాధికారి నివేదికలో ఉంది. పాత గ్లోవ్‌లు ఇచ్చినవారికి కృతజ్ఞతలు. హెల్మెట్‌లు మాత్రం కొత్తవే కొన్నాం.

మిగిలిపోయిన పని ఒకటుంది. సాఫ్ట్‌బాల్‌లో బంతిని కింది నుంచి చెయ్యి తిప్పి వేయాలి. అది మాలో ఎవరికీ సరిగా రాదు, ఆడపిల్లలు వీడియోలు చూసి తంటాలు పడుతున్నారు. కాలేజీలో సాఫ్ట్‌బాల్ ఆడిన అమ్మాయిలు మీ ఇంట్లో గానీ, తెలిసినవాళ్లలో గానీ ఉంటే, భోజనాలకు లేచేలోపు మాకు చెప్పండి.

ఇట్లు,
క్రీడా ఉపసంఘం