నాగలి కర్రు దిగినంత లోతు

కాకినాడ,
కార్తీక మాసం.

చిరంజీవి లక్ష్మీసౌభాగ్యవతి పద్మను నాన్న ఆశీర్వదించి వ్రాయునది.

ఇక్కడ మేమంతా క్షేమం. మీ అమ్మ మోకాలు మునుపటి కంటే నయం, గుడి మెట్లు ఎక్కగలుగుతోంది. నువ్వు తీరికగా మాట్లాడి ఏడు ఆదివారాలు అయింది. "బిజీగా ఉన్నాం నాన్నా, తరవాత చేస్తాను" అన్న మాటను ఏడుసార్లు విన్నాను గనుక లెక్క తప్పే అవకాశం లేదు. ఫోనులో మాట్లాడితే నా గొంతు పెరుగుతుంది, నీ గొంతు తగ్గుతుంది, చివరకు మీ అమ్మ ఫోను లాక్కుని కూరల ధరలు మొదలుపెడుతుంది. అందుకని ఉత్తరమే మేలనుకున్నాను.

ఎడ్మంటన్‌లో ఉన్న సూరిబాబు కొడుకు వాళ్ళ నాన్నతో ఏదో అన్నాడట. పద్మక్క ఒక హాలులో కుడిచేయి పైకెత్తి ప్రమాణం చేసిందట, ఎడమచేతిలో చిన్న కాగితపు జెండా ఉందట. అన్నీ అటలే. చెవిన పడిన ప్రతి మాటనూ పట్టుకుని ఆడపిల్లను నిలదీసే తండ్రిని కాను గనుక నేను దాని గురించి అడగడం లేదు. నేను రాయదలచుకున్నది వేరే విషయం. అది కెనడాలో, సస్కటూన్‌లో మీరు ఇల్లు కట్టుకున్న నేల గురించి.

రెండేళ్ళ కిందట వేసవిలో మేము అక్కడ ఉన్నప్పుడు, చిట్టి బడిలో జరిగిన సభలో ప్రధానోపాధ్యాయురాలు అన్నిటికన్నా ముందు ఒక చిన్న కాగితం చదివింది నీకు గుర్తుండే ఉంటుంది. మనం ఆరవ ఒడంబడిక భూమి మీద, మెతీ ప్రజల (అక్కడి ఆదివాసులకూ ఐరోపావారికీ పుట్టిన సంతతి) స్వస్థలంలో సమావేశమయ్యాము అని దాని సారాంశం. అదేమిటమ్మా అని నేను అడిగితే, "ఇక్కడ ప్రతి మీటింగుకీ చదువుతారు నాన్నా, పట్టించుకోకు" అన్నావు. నాకు మాత్రం వెంటనే సంకల్పం గుర్తుకు వచ్చింది. ఏ పూజకైనా ముందు ఏ ద్వీపంలో, ఏ ఖండంలో, ఏ నదీతీరాన కూర్చున్నామో చెప్పుకోకుండా మనం అక్షతలు ముట్టుకోము కదా. ఆ నెలలోనే మీ ఇంట్లో సత్యనారాయణ వ్రతం చేయించిన పంతులుగారు వీడియోలో "క్రౌంచద్వీపే" దాకా బాగానే వచ్చి, నది పేరు దగ్గర ఆగిపోయి, "ఏం నదమ్మా అది?" అని నిన్నే అడిగారు. ఆ నది సస్కాచువాన్, అంటే అక్కడి ఆదివాసులైన క్రీ ప్రజల భాషలో వేగంగా పారేది అని అర్థమట. సస్కటూన్ అన్నది ఆ గట్ల మీద కాసే ఒక పండు పేరు. ఊరి పేరూ నది పేరూ ఎవరి భాషలోవో వారి ఊసు లేకుండానే ఆ రోజు మన వ్రతం పూర్తయింది, ప్రసాదం కూడా తిన్నాము.

నేను ముప్పై ఏళ్ళు సోషల్ చెప్పిన వాడిని, ఊరికే ఉండలేను. మీరు ఆఫీసులకు వెళ్ళాక గ్రంథాలయంలో కూర్చుని చదివాను. 1876 ఆగస్టు 23న, మీ ఊరికి ఉత్తరాన ఫోర్ట్ కార్ల్‌టన్ దగ్గర, విక్టోరియా రాణి తరఫున అలెగ్జాండర్ మోరిస్, క్రీ నాయకులు మిస్తవాసిస్, అహ్తాకకూప్ మొదలైనవారు ఆ ఒడంబడిక చేసుకున్నారు. అప్పటికే మశూచి వాళ్ళ పల్లెలను ఊడ్చుకుపోయింది, వాళ్ళ తిండీ బట్టా గూడూ అయిన అడవిదున్నలు కళ్ళ ముందే తరిగిపోతున్నాయి. అందుకని కరువు వస్తే ఆదుకోవాలి అన్నారు, మందుల పెట్టె ఉంచాలి అన్నారు, బడి పెట్టాలి, నాగళ్ళూ ఎడ్లూ ఇవ్వాలి అన్నారు. ఐదుగురున్న కుటుంబానికి ఒక చదరపు మైలు లెక్కన రిజర్వు, అంటే వాళ్ళకని విడిచిపెట్టే భూమి, మనిషికి ఏడాదికి ఐదు డాలర్లు. ఆ ఐదు డాలర్లు ఈనాటికీ ఐదు డాలర్లుగానే ఇస్తున్నారు. చిట్టికి మీరు కొనిపెట్టే ఐస్‌క్రీము కూడా ఆ డబ్బుకు రాదు.

అయితే నన్ను పట్టుకున్నది డబ్బు సంగతి కాదు. ఇంగ్లీషు కాగితంలో వాళ్ళు భూమి మీది సర్వహక్కులనూ శాశ్వతంగా వదులుకుని అప్పగించినట్టు ఉంది. క్రీ పెద్దలు తరతరాలుగా చెప్పుకుంటూ వస్తున్నది మాత్రం వేరు. వచ్చినవారితో నేలను పంచుకోవడానికే ఒప్పుకున్నామని, అదీ నాగలి కర్రు దిగినంత లోతు వరకేనని వాళ్ళ మాట. ఆ ఒడంబడిక సభలోనే పౌండ్‌మేకర్ అనే యువకుడు లేచి, మా నేల ఎండు మాంసపు ముక్కా, కోసి మాకే తిరిగి తలా ఇంత పంచడానికి అన్న అర్థం వచ్చేలా అడిగాడు. బిగ్ బేర్ అనే ఇంకో క్రీ నాయకుడైతే ఆరేళ్ళు మొండికేసి, తనవాళ్ళ ఆకలి చూడలేక 1882లో సంతకం పెట్టాడు.

నాగలి లోతు అంటే ఎంత? మన పొలాల్లో జానెడు. నువ్వు గోంగూర నాటుకున్న పెరటి మడి ఆ లెక్కకు సరిపోతుంది. మీ ఇంటి బేస్‌మెంటు ఎనిమిది అడుగులు. అల్లుడుగారు పనిచేసే పొటాష్ గని కిలోమీటరు లోతు. నేను ఇదేదో మిమ్మల్ని దెప్పడానికి రాయడం లేదు, ఎందుకంటే ఆ పొటాష్ ఓడలెక్కి మన దేశానికీ వస్తుంది, మన గోదావరి వరిచేలలోనూ పడుతుంది, ఆ అన్నం నేనూ తింటున్నాను. కానీ తినేటప్పుడు ఎవరి గింజో తెలిసి ఉండాలి కదా అమ్మలూ.

ఇంకొక సంగతి. ఉగాదికి మీరంతా ఒక హాలులో కలిసి భోజనాలు చేశారని, ఆ వీడియో పంపించావు. వెనకనుంచి ఎవరో అక్కడి ఆదివాసుల గురించి, "వాళ్ళకేమిటండీ, పన్నులు లేవు, చదువు ఉచితం, మందులు ఉచితం, మనమే గొడ్డులా పనిచేసి కడుతున్నాం" అనడం, పదిమంది నవ్వడం వినిపించింది. ఆ గొంతు అల్లుడుగారిది కాదని అనుకుంటున్నాను, కాకూడదనే అనుకుంటున్నాను. ఆ పన్ను మినహాయింపు నమోదైన వారికి, రిజర్వు మీది ఆస్తికీ ఆదాయానికీ మాత్రమేనని చిట్టి పాఠంలోనే ఉంటుంది, వారిని ఒకసారి చదవమను. మందులు ఉచితమనడమేమిటి, మందుల పెట్టె ఒప్పందంలో ఉన్న మాట. ఇల్లు అమ్మినవాడు మిగతా సొమ్ము అడిగితే బిచ్చగాడని అంటామా? చిట్టి వింటున్నప్పుడు మీ ఇంట్లో అలాంటి మాటలు నడవనివ్వకు. పిల్లలకు మనం చెప్పింది గుర్తుండదు, మనం నవ్వింది గుర్తుంటుంది. నాకు ఆ సంగతి ఎలా తెలుసో ఇంతవరకు నీకు చెప్పలేదు, మీ అమ్మకు కూడా సగమే తెలుసు.

గోకవరం ఇంట్లో ఇనప్పెట్టె నువ్వు చూశావు. చిన్నప్పుడు దాని మీద ఎక్కి గెంతేదానివి. మీ తాతయ్యకు రంపచోడవరం వెళ్ళే దారిలో, కొండ మొదట్లో నాలుగు ఎకరాలు ఉండేవి. అవి బొజ్జిరెడ్డి అనే కొండరెడ్డి పెద్దాయనవి. ఒక కరువు ఏడు తాతయ్య అతనికి బియ్యం, ఉప్పు, కిరసనాయిలు పద్దు మీద ఇచ్చి, కూతురి పెళ్ళికి నూట ఇరవై రూపాయలు ఇచ్చి, కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నాడు. ఏజెన్సీ భూమి అలా చేతులు మారకూడదని 1917 నుంచీ చట్టం ఉంది. అది తాతయ్యకు తెలుసు, బొజ్జిరెడ్డికి తెలియదు. ఆ తరవాత ఏటా సంక్రాంతికి వారం ముందు బొజ్జిరెడ్డి ఒక బుట్టెడు చింతపండు, నాలుగు కొండచీపుళ్ళు పట్టుకుని దిగేవాడు. తాతయ్య అతనికి ఒక బస్తా ధాన్యమూ ఒక పంచే ఇచ్చేవాడు. నాకు పన్నెండేళ్ళప్పుడు పంట పోయింది, తాతయ్య పంచె మాత్రమే ఇచ్చాడు. బొజ్జిరెడ్డి కదలలేదు. "నా శిస్తు బస్తా ఏది బాబూ?" అన్నాడు. తాతయ్య నవ్వాడు. శిస్తు ఏమిటి, నువ్వు అమ్మేశావు, నేను పండగకు ధర్మం చేస్తున్నాను అన్నాడు. అరుగు మీద ఉన్న నలుగురూ నవ్వారు, నేనూ నవ్వాను. పదేళ్ళపాటు ఒక మనిషి బాడుగ అనుకుంటూ పుచ్చుకున్నదాన్ని ఇంకొక మనిషి దానం అనుకుంటూ ఇచ్చాడు. అప్పుడు బొజ్జిరెడ్డి, "కాగితం తెమ్మను, చిన్నబాబు చదువుకుంటున్నాడుగా, అతనే చెబుతాడు" అన్నాడు. నా మీద అతనికి అంత నమ్మకం. కాగితం తెచ్చారు. సర్వహక్కులతో శాశ్వతముగా విక్రయించి స్వాధీనపరచినాను అని ఉంది, కిందనే ఇచ్చిన సొమ్ము ఎనిమిది వందలు అని కూడా ఉంది. నేను పైనుంచి కింద దాకా మనసులో చదువుకుని తల ఎత్తేసరికి తాతయ్య గొంతు సవరించుకున్నాడు. "ఇక్కడ నీ వేలిముద్ర ఉంది" అన్నాను, ఇంకేమీ అనలేదు. నేను అన్నదాంట్లో అబద్ధం లేదు చూడు. ఆయన తన బొటనవేలు ఒకసారి తిప్పి చూసుకుని, పంచె అరుగు మీదే పెట్టి, చింతపండు బుట్ట కూడా వెనక్కు తీసుకోకుండా వెళ్ళిపోయాడు. కనుమ నాడు నానమ్మ ఆ చింతపండుతోనే పులిహోర కలిపింది.

మరుసటి ఏడు ఆయన రాలేదు. 1970లో వన్ ఆఫ్ సెవెంటీ వచ్చి, ఏజెన్సీలో గిరిజనేతరుల చేతిలో ఉన్న భూమి గిరిజనుల దగ్గర నుంచి వచ్చిందేనని ముందుగానే భావించాలని చట్టం చెప్పేసరికి, తాతయ్య ఆ నాలుగు ఎకరాలనూ సోములు అనే ఆయన భార్య పేరు మీదకు మార్చాడు, ఆవిడ కొండ మనిషి గనుక. కేసు తాతయ్య పోయేదాకా నడిచింది, తరవాత భూమి బొజ్జిరెడ్డి మనవళ్ళకు చేరింది. అప్పటికి నా డిగ్రీ అయిపోయింది. కాకినాడలో నా నాలుగేళ్ళ చదువు ఆ చేను మీదే నడిచింది. నా జీతం మీద నీ చదువు నడిచింది. మిగతా లెక్క నువ్వే కట్టుకో, ఇంజనీరువి.

మన మన్యానికి ఏజెన్సీ అన్న పేరు గవర్నరు ఏజెంటు వల్ల వచ్చింది. అక్కడ రిజర్వుల మీద పెత్తనం చేసిన అధికారిని కూడా ఏజెంటు అనే అన్నారు. ఆయన అనుమతి లేనిదే క్రీ రైతు తన గింజలు అమ్ముకోవడానికి వీలు లేకపోయింది, చీటీ లేనిదే రిజర్వు దాటనివ్వలేదు. ఒప్పుకున్న బడి కూడా పెట్టారు, కానీ పిల్లలను ఇంటినుంచి లాక్కుని వెళ్ళి, వాళ్ళ భాష మాట్లాడితే కొట్టే బడి అది. మీ రాష్ట్రంలోనే అటువంటిది 1996 దాకా నడిచింది. ముప్పై ఏళ్ళ బడిపంతులుగా నేను దాని గురించి చదివిన రోజు రాత్రి మీ ఇంట్లో అన్నం తినలేదు, నువ్వు అజీర్తి అనుకుని వాము నీళ్ళు ఇచ్చావు.

ఇక, ఎవరో ఎక్కడో ప్రమాణం చేశారని విన్నాను గనుక ఆ పౌరసత్వ ప్రమాణం పాఠం కూడా చదివాను. చార్లెస్ రాజుకు విధేయతతో మొదలవుతుంది. 2021లో దానికి ఒక భాగం చేర్చారు. ఫస్ట్ నేషన్స్, ఇన్యూట్, మెతీ ప్రజల ఆదివాసీ హక్కులనూ ఒడంబడిక హక్కులనూ గుర్తించి స్థిరపరిచే రాజ్యాంగంతో సహా కెనడా చట్టాలను పాటిస్తాను అని అందులో పలకాలి. అంటే ఆ హాలులో చేయి ఎత్తిన వారెవరైనా, ఆ 1876 కాగితం కింద రాణిగారి వైపున తమ వేలిముద్ర కూడా వేసినట్టే. అక్కడ ఇల్లు కొనుక్కునే హక్కు మీకు ఆ ఒడంబడిక నుంచే వచ్చినప్పుడు, దాని బాకీ కూడా మీదే. ఆస్తి తీసుకున్నవాడు అప్పు తీసుకోనంటే మన పెద్దమనుషులు ఒప్పుకుంటారా? సదర్లండ్ వైపు వెళ్ళేటప్పుడు, ఊరి మధ్యలో ఇది రిజర్వు అని నువ్వు చూపించిన మస్కెగ్ లేక్ క్రీ నేషన్ వారి స్థలం 1988లో ఏర్పడింది, ఒడంబడికలో ఇస్తామన్న భూమి పూర్తిగా ఇవ్వనందుకు. నూట పన్నెండేళ్ళ తరవాత ఒక వాయిదా. మిగతా వాయిదాలు చెల్లించాలా వద్దా అని ఓటు అడిగిన రోజున, ఓటు ఉన్నవారు ఎవరైనా ఉంటే, మన ఉగాది హాలులోని నవ్వును గుర్తు పెట్టుకుని వేయమను. సెప్టెంబరు 30న, ఆ బడులకు లాక్కుపోయిన పిల్లల జ్ఞాపకంగా, చిట్టికి నారింజ చొక్కా తొడిగి ఫోటో తీసి ఊరుకోకు. ఒడంబడిక పాఠం అంత పెద్దదేమీ కాదు, ఇద్దరూ కూర్చుని చదవండి. వనుస్కెవిన్ పార్కుకు వెళ్ళినప్పుడు అడవిదున్నలను మాత్రమే చూసి రాకుండా అక్కడ మాట్లాడే పెద్దల మాట చివరిదాకా వినండి. చెప్పే మనిషి ముందు ఫోను చూసుకోవడం నీకు చిన్నప్పటి నుంచి లేదు, ఈ మధ్యే అలవాటైంది. చూడు, మళ్ళీ పాఠం చెబుతున్నాను.

ఆరేళ్ళ కిందట నేను ఒక మాట అన్నాను. పాస్‌పోర్టు వదులుకున్న నాడు నాతో చెప్పవద్దు, నా తద్దినం నేనే పెట్టుకుంటాను అని. సూరిబాబు ఇంట్లో బందరు లడ్డూ తింటూ అన్న మాట అది, కోపంలో కూడా కాదు. నువ్వు దాన్ని అక్షరాలా పాటిస్తున్నావేమోనని మీ అమ్మ అంటోంది. పెళ్ళిలో నీ గోత్రం మారిన రోజు నీ చేయి పట్టుకుని నేనే అప్పగించాను, పక్కన మీ మేనమామలు ఉన్నారు, మేళం ఉంది. పరాయి హాలులో, పక్కన మనవాళ్ళెవరూ లేకుండా, ఒక్కతే నిలబడి ఇంకో ఇంటి అప్పు నెత్తిన వేసుకోవడం ఎవరికైనా కష్టమే. చెప్పి ఉంటే తెల్లవారుజామున అయినా లేచి వీడియోలో కూర్చునేవాడిని.

వేరే దేశపు పౌరులైన మనవాళ్ళకు ఇచ్చే ఓసీఐ కార్డుకు ముందు పాత పాస్‌పోర్టు సరెండర్ చేయాలట, ఆలస్యం చేయకూడదట. సూరిబాబు కొడుకు కోసం కనుక్కున్నాను. మీ అమ్మ కందిపొడి, ఉసిరికాయ పచ్చడి, చిట్టికి జంతికలు సర్ది పెట్టింది. పొట్లాల మీద పేర్లు ఇంగ్లీషులో రాశాను, అక్కడ విప్పి చూస్తారని. చలి మొదలైంది కదా, డి విటమిను మానవద్దు, రాత్రి కారుకు ప్లగ్గు పెట్టడం అల్లుడుగారు మరచిపోకుండా చూడు. వారికి నా ఆశీస్సులు, చిట్టికి ముద్దులు.

ఇట్లు,
నాన్న.

మరచాను. అంత చలిలో సన్నటి పట్టుచీర మీద స్వెట్టరు లేకుండా ఎవరైనా అంతసేపు నిలబడతారా? ఆ జెండా పట్టుకున్న చేతికి గాజులు కూడా లేవు.