గాలి తక్కువ పెట్టింది మీరు, కోత మాకు: గోదావరి గట్టు సైకిల్ టూర్‌పై ఫిర్యాదు

బ్రాంచి మేనేజర్ గారికి,
సైకిళ్ళ అద్దె విభాగం,
రాజమహేంద్రవరం.

విషయం: గోదావరి గట్టు సైకిల్ టూర్ డిపాజిట్‌లో కోసుకున్న రూ. 3,350 తిరిగి ఇవ్వాల్సిందిగా.

అయ్యా,

డిసెంబరు రెండో ఆదివారం ఉదయం మీ కౌంటర్‌లో ఎనిమిది సైకిళ్ళు అద్దెకు తీసుకున్నాం. ఒక్కోదానికి అద్దె రూ. 450, డిపాజిట్ రూ. 1,000. సాయంత్రం సైకిళ్ళు అప్పగిస్తే డిపాజిట్‌లో రూ. 3,350 కోసుకుని, రసీదు మీద “ర్యాష్ రైడింగ్ డ్యామేజి” అని రాసిచ్చారు. మూడు ట్యూబులకి 1,050, చెయినూ ఫ్రీవీలూ (వెనక పళ్ళ చక్రం) మార్చడానికి 1,400, రిమ్ము సొట్ట తీయడానికి 600, బ్రేకు రబ్బర్లకి 300. ఈ నాలుగింట్లో తొక్కినవాళ్ళ ఖాతాలో వేయాల్సింది ఒక్కటీ లేదు. మాటకి మాటగా కాదు, వస్తువులు చూపించే చెబుతున్నాం. మూడు ట్యూబులూ మా దగ్గర భద్రంగా ఉన్నాయి.

ముందు ట్యూబుల సంగతి. గాలి కొట్టి నీళ్ళ తొట్టిలో ముంచితే రెండు ట్యూబుల్లో ఒకే రకం గాయం కనిపిస్తుంది: పక్కపక్కనే రెండు సన్నటి చీలికలు, మధ్యలో వేలు మందం ఎడం, అచ్చం పాము కాటు వేసినట్టు. పంక్చరు షాపులో ఎవరిని అడిగినా దీని అర్థం చెబుతారు. ముల్లో మేకో దిగితే ఒకటే బెజ్జం ఉంటుంది, అదీ టైరు నేలని తాకే వైపు. రెండు చీలికలు పడ్డాయంటే టైరులో గాలి చాలక, గట్టి అంచు తగలగానే టైరు పూర్తిగా అణిగిపోయి, ట్యూబు రిమ్ము రెండు అంచుల కింద నలిగిందన్నమాట. గట్టు పక్క ఇసుకలో పల్లేరు కాయలకి కొదవ లేదు. వాటిలో ఒకటి గుచ్చుకుని ఉంటే ఆ డబ్బు మారుమాట లేకుండా కట్టేవాళ్ళం.

మూడో ట్యూబుకి బెజ్జం లోపలి వైపు, అంటే రిమ్ముకి ఆనుకునే వైపు పడింది. టైరు విప్పి చూస్తే ట్యూబుకి అడ్డుగా రిమ్ము లోపల చుట్టే రిమ్ టేపు ఓ పక్కకి జరిగిపోయి, స్పోకుని బిగించే నిపిల్ తల బయటికి కనిపిస్తోంది. దాని మీద ట్యూబు ఒరుసుకుని ఒరుసుకుని చిల్లి పడింది. మనిషి ఎంత మెల్లగా తొక్కినా అది ఆగేది కాదు. ఫొటో జతచేశాం.

ఇక గాలి. టైరు పక్క గోడ మీద మీ కంపెనీ వాళ్ళు చూసి ఉండని అచ్చు ఒకటుంది: సైజు 26×2.1, గాలి ఒత్తిడి 40 నుంచి 65 పి.ఎస్.ఐ. డెబ్భై కిలోల మనిషి తారు రోడ్డు మీద తొక్కాలంటే ఈ టైరుకి వెనక 45, ముందు 40 దాకా ఉండాలి. బయల్దేరే ముందు మీ కౌంటర్ ఎదుటే గేజీ పెట్టి తీసిన ఫొటోలు చూడండి. గేజీ పట్టిన వెనక చక్రాల్లో అన్నిటికన్నా ఎక్కువ ఉన్నది 28, అన్నిటికన్నా తక్కువ 19. మీ కుర్రాడు ప్రతి టైరునీ బొటనవేలితో నొక్కి “సరిపోద్ది సార్” అన్నాడు. మందపాటి గుబ్బల టైరు ఇరవైకి కూడా వేలికి గట్టిగానే తగులుతుంది, బొటనవేలి పరీక్ష దాని దగ్గర పనికిరాదు. గాలి పట్టమని అడిగితే కంప్రెసర్ రిపేరులో ఉంది, కిట్‌లో పంపు ఇచ్చాం కదా అన్నారు.

ఆ కిట్ విప్పితే ఉన్నవి: అరచేతి పొడుగు చేతి పంపు, రెండు టైరు లీవర్లు, ప్యాచీలు, గట్టిగా ఎండిపోయిన సొల్యూషన్ ట్యూబు. పంపు మూతి మోటారు సైకిల్ తరహా వాల్వుకి సరిపోయేది. మీరిచ్చిన ఎనిమిదింట్లో మూడు సైకిళ్ళకి పాత రబ్బరు వాల్వు ట్యూబులున్నాయి, ఆ మూడింటికీ పంపు ఎక్కదు. మిగతా ఐదింటికి ఎక్కుతుంది గానీ 30 దాటేసరికి పిస్టన్ పక్కల నుంచే గాలి తన్నేస్తుంది. వెనక చక్రం యాక్సిల్ నట్లు 15 మి.మీ.వి, ఆ స్పానరు కిట్‌లో లేదు. చక్రం ఊడదీయలేకపోతే ప్యాచీలు ఎన్ని ఇచ్చి ఏం లాభం?

తక్కువ గాలితో కూడా గట్టు మీద మెల్లగా వెళితే ట్యూబు నలగకపోవచ్చు. నలిగింది వంతెన మీద. వంతెన ఎక్కించింది మీ మ్యాపు.

మీ కరపత్రంలో ఉన్న మాటలివి: “పార్కులు, నదీతీరం, అంతా సమతలం, తీరిగ్గా మూడు గంటలు.” మ్యాపు మాత్రం కంబాలచెరువు పార్కు నుంచి నేరుగా రోడ్డు కం రైలు వంతెన ఎక్కించి, కొవ్వూరు గోష్పాద క్షేత్రం, విజ్జేశ్వరం మీదుగా బ్యారేజీ దాటించి ధవళేశ్వరంలో దింపుతుంది. 1974లో తెరిచిన ఆ వంతెన మీద రోడ్డు పొడవు 4.1 కి.మీ. సైకిలుకి విడిగా దారి లేదు. బస్సులూ ఆటోలూ భుజం రాసుకుంటూ పోతుంటాయి. పైగా కొద్ది కొద్ది దూరానికి ఎక్స్‌పాన్షన్ జాయింట్లు, అంటే వంతెన ముక్కల మధ్య వదిలిన సందులు, వాటి ఇనుప అంచులు. 19 పి.ఎస్.ఐ. వెనక చక్రం ఆ అంచు మీద పడితే పాము కాటు పడుతుంది, దాంతో పాటే రిమ్ముకి సొట్టా పడుతుంది. మీరు విడిగా 600 వేసిన సొట్ట అదే. ఒకే దెబ్బకి రెండు బిల్లులు వేశారు.

బ్యారేజీ కూడా అంతే. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలుగా, 175 గేట్లతో లంకల మీదుగా సాగే కట్టడం అది. చూడ్డానికి ఎంతో బాగుంటుంది. కానీ దాని మీద వాహనాలు ఆగవు, మనం ఆగి చూసే చోటు తక్కువ. పిల్లల్నీ పెద్దవాళ్ళనీ వెంటబెట్టుకుని తీరిగ్గా తొక్కే దారి అని అమ్మకూడదు. పార్కు లోపల నుంచి కూడా గీత గీశారు. అక్కడి బాట నడిచేవాళ్ళది, సైకిలు దిగి నడిపించుకోవాల్సిందే.

తీరిక దారి కావాలంటే ఊళ్ళోనే ఉంది. కోటిలింగాల రేవులో తెల్లారగానే మొదలుపెట్టి, పుష్కర ఘాట్, గౌతమి ఘాట్ మీదుగా గట్టు వెంబడే ధవళేశ్వరం వెళ్ళి, కాటన్ మ్యూజియం చూసి, అదే గట్టున వెనక్కి రావడం. నది దాటే పని లేదు. 1997లో రైళ్ళు ఆగిపోయిన హేవ్‌లాక్ వంతెన, దాని పక్కన ఆర్చి వంతెన ఒడ్డు నుంచే కనిపిస్తాయి. ఘాట్ల దగ్గర ఒక్కటే జాగ్రత్త: మెట్ల వైపు సైకిలు దింపకూడదు, తడి రాయి మీద గుబ్బల టైరు జారుతుంది. ఈ ఒక్క వాక్యం మీ కరపత్రంలో ఎక్కడా లేదు.

చెయిను విషయానికి వద్దాం. సైకిల్ చెయినులో పిన్నుకీ పిన్నుకీ మధ్య అర అంగుళం. ఇరవై నాలుగు ఎడాలు కొలిస్తే కొత్త చెయిను సరిగ్గా 12 అంగుళాలు రావాలి. అంగుళంలో పదహారో వంతు పెరిగితే చెయిను మార్చాలి. ఎనిమిదో వంతు పెరిగిందంటే అప్పటికే ఫ్రీవీలు పళ్ళూ అరిగిపోయి ఉంటాయి, ఎత్తు ఎక్కేటప్పుడు చెయిను పళ్ళ మీద నుంచి ఎగిరి పడుతుంది. మీరు 1,400 వేసిన సైకిలు చెయిను మీద స్కేలు ఆనించి తీసిన ఫొటో పంపుతున్నాం: 12 అంగుళాల మీద ఎనిమిదో వంతు. అంత సాగడానికి వేల కిలోమీటర్లు తిరగాలి, ఒక్క ఆదివారం చాలదు. బ్రేకు రబ్బర్లూ అంతే. వాటి మీది గాడులు పొద్దున ఫొటోలోనే అరిగి మాయమై ఉన్నాయి.

కోతకి సంబంధం లేకపోయినా ఇంకొకటి. ఎనిమిదీ 18 అంగుళాల ఫ్రేములే ఇచ్చారు. ఐదడుగుల మనిషికి 14, 15 అంగుళాల ఫ్రేము కావాలి. పెడలు అట్టడుగున ఉన్నప్పుడు మడమ ఆనిస్తే కాలు నిటారుగా రావాలన్నది సీటు ఎత్తుకి కొలత. సీటు దింపుదామంటే చేత్తో విప్పే క్విక్ రిలీజు మీట తీసేసి, ఆరు పలకల కీతోనే తిరిగే ఎలెన్ బోల్టు బిగించారు, ఆ కీ కిట్‌లో లేదు. సస్పెన్షన్ ఫోర్కు, గుబ్బల టైర్లు ఉన్న సైకిలు చూడ్డానికి దర్జాగా ఉంటుంది గానీ గట్టు దారికి అది బరువు తప్ప ఇంకేమీ కాదు. పాలవాళ్ళు తొక్కే 28 అంగుళాల పాత నల్ల సైకిలు ఈ దారిలో ఇంతకన్నా హాయిగా పోతుంది. మడ్‌గార్డూ, చెయిన్ కవరూ, క్యారియరూ, బెల్లూ దానికి మొదటి నుంచీ ఉన్నాయి.

మేం కోరేది ఇది. రూ. 3,350 మొత్తం, ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లో, డిపాజిట్ కట్టిన ఖాతాకే తిరిగి వేయండి. రసీదు మీద రాసిన “ర్యాష్ రైడింగ్” అన్న మాట కొట్టేసి కొత్త రసీదు ఇవ్వండి. మ్యాపులో వంతెన, బ్యారేజీ దారిని తీరిక టూర్ నుంచి తీసేయండి. 2027లో పుష్కరాలకి వచ్చే కొత్తవాళ్ళు మీ కరపత్రం నమ్మి ఆ వంతెన ఎక్కకూడదు. సైకిలు అప్పగించే ముందు గేజీ పెట్టి, అంకె రసీదు మీద రాసి, ఇద్దరి సంతకాలు తీసుకోండి. ఒక్కో సైకిలుకి నిమిషం పని.

గడువు దాటితే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరులో నమోదు చేసి, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళతాం. ఐదు లక్షల లోపు ఫిర్యాదుకి అక్కడ రుసుము కూడా లేదు. ట్యూబులు చూడాలనుకుంటే మీ మెకానిక్‌ని పంపండి, తొట్టిలో నీళ్ళు పోసి పెడతాం.

ఇట్లు,
ఎనిమిది సైకిళ్ళు అద్దెకు తీసుకున్నవారు

జతచేసినవి: అద్దె రసీదు, కోత రసీదు, గేజీ ఫొటోలు, ట్యూబుల ఫొటోలు మూడు, రిమ్ టేపు, చెయిను కొలత, బ్రేకు రబ్బర్ల ఫొటోలు, మీ కరపత్రం ప్రతి.