1/48 బి-25జె మిచెల్ కిట్‌లో లోపాలపై ఫిర్యాదు

దర్గామిట్ట,
నెల్లూరు.

కస్టమర్ సర్వీస్ విభాగం వారికి,

విషయం: విరిగిన, మసకబారిన భాగాలకు బదులు భాగాలు, సూచనల కాగితంలో సవరణ కోరుతూ.

అయ్యా,

మీ బి-25జె బాంబర్ విమానం ప్లాస్టిక్ నమూనా (అసలు దానిలో 48వ వంతు) కిట్ పెట్టె మీద ‘పూర్తి ఇంటీరియర్’, అంటే లోపలి గదులతో సహా, అని పెద్దక్షరాల్లో వేశారు. పైన పటారం లోన లొటారం అంటారు గానీ, ఈ కిట్‌ది తిరగేసిన వ్యవహారం. బాంబులుండే అర (బాంబ్ బే) వెనక గదికే రేడియో బల్ల, కుర్చీ, తూటాల పెట్టెలు కలిపి 31 భాగాలిచ్చారు. ఫ్యూజలేజ్ (విమానం ఒడలు) చిప్పలు రెండూ అతికాక పక్క కిటికీలోంచి టార్చి వేసి చూసినా నాలుగైదుకు మించి కనపడవు. కనపడకపోతే పోనీ, అది కట్టేవాళ్ల సరదా. పైకి కనపడేవాటిని అవి పాడుచేయడమే నా ఫిర్యాదు.

ఆ గది ముందున్న బల్క్‌హెడ్ (అడ్డుగోడ) అర మిల్లీమీటరు వెడల్పెక్కువ. జిగురు లేకుండా మాస్కింగ్ టేపుతో బిగించి చూస్తే (డ్రై ఫిట్) విమానం వీపు మీద సందు కనిపిస్తుంది. చిప్పల్ని నొక్కిపట్టి ప్లాస్టిక్ సిమెంట్ (జిగురు) పూస్తే అప్పటికి అతుక్కుంటాయి గానీ, లోపల ప్లాస్టిక్ తన్నుతూనే ఉంటుంది. రెక్కలు ఎక్కించేటప్పుడు అతుకు విచ్చుకుంటుంది. బల్క్‌హెడ్ రెండంచుల్నీ 400 నంబరు ఉప్పుకాగితంతో చెరి పావు మిల్లీమీటరు అరగదీస్తే సరిపోయింది. మీ కాగితంలో ఆ ముక్కే లేదు.

7వ దశలోనే పక్క కిటికీల తుపాకుల్ని లోపలి నుంచి అతికించమన్నారు. అతుకు సానబట్టడం, ప్రైమర్ (తొలి పూత), మాస్కింగ్ (రంగు అంటకుండా టేపు వేయడం) అన్నీ ఆ తర్వాతే. బయటికి పొడుచుకొచ్చిన సన్నటి గొట్టాలు విరగక ఏంచేస్తాయి? రెండూ విరిగాయి. ఒకటి లోపల పడి గిలక్కాయలా మోగుతోంది. గొట్టాన్ని విడిగా ఇచ్చి, రంగులయ్యాక బయటి నుంచి గుచ్చేలా చేయవలసింది.

ముక్కు చక్రం మీద నిలవాల్సిన విమానమిది. వెనక గది భాగాలన్నీ ప్రధాన చక్రాలకు వెనకే పడతాయి కాబట్టి తోక ఇంకా బరువెక్కుతుంది. మీరేమో ముక్కులో ‘కొంత బరువు’ పెట్టమన్నారు. ముక్కంతా గాజు, సీసం ఎక్కడ దాచాలి? కాక్‌పిట్ నేల కిందా, నాసెళ్లలో (రెక్కల మీది ఇంజిన్ గూళ్లలో) ఇంజిన్ల వెనకా చోటుంది. ఎన్ని గ్రాములో చిప్పలు మూయకముందే తెలియాలి.

ఇక కెనోపీ, అంటే కాక్‌పిట్ మీది గాజు కప్పు. పారదర్శక ప్లాస్టిక్ పెళుసు. దాన్ని స్ప్రూకు (భాగాలు అంటుకుని వచ్చే చట్రానికి) కలిపే 3 మిల్లీమీటర్ల మందపాటి గేటును సరిగ్గా పల్చటి అంచుకే పెట్టారు. కట్టర్ అంచుకు దూరంగానే పెట్టినా బీట ఫ్రేము దాటి పోయింది. పైగా సూపర్ గ్లూతో అతికించమన్నారు. దాని ఆవిరి గాలిలోని తేమతో కలిసి తెల్లటి పొరగా పేరుకుంటుంది. నవంబరు వానల్లో నెల్లూరు గాలి ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. ముక్కు గాజును అలాగే అతికిస్తే లోపలివైపు మసకబారింది. తుడుద్దామంటే వేలు పోదు. తెల్ల జిగురు అని ఒక్క మాట రాస్తే పోయేది.

కాబట్టి పారదర్శక భాగాల స్ప్రూ ఒకటి, తుపాకీ గొట్టాలు రెండు ఉచితంగా పంపండి. పంపేటప్పుడు గాజు స్ప్రూను విడి సంచిలో పెట్టండి. మొదటిసారి బూడిదరంగు స్ప్రూలతో కలిపి కుక్కడంతో గీతలు పడ్డాయి. సవరించిన 7వ దశ కాగితం, ముక్కు బరువు అంకె కూడా జతచేయండి. బిల్లు నకలు, బీట ఫోటోలు ఇందుతో పంపుతున్నాను.

ఇట్లు,
కొనుగోలుదారు