రాజ్యాంగ అధ్యయన ఉపసంఘం: సభ్యులకు వార్షిక నివేదిక

ఒక చట్టాన్ని రెండు రకాలుగా చదవొచ్చని తోచినప్పుడు కోర్టులో ఏ అర్థం నిలుస్తుంది? ఈ ఏడాది నెలవారీ చర్చలన్నీ దీని చుట్టూనే తిరిగాయి.

ఎక్కువ సమయం 1/70 చట్టానికే పోయింది. ఏజెన్సీ (షెడ్యూల్డ్) ప్రాంతాల్లో భూములు గిరిజనేతరుల చేతుల్లోకి పోకుండా ఆపే చట్టమిది. అరకు, లంబసింగి వైపు స్థలాలు బేరమాడుతున్నవారు మనలోనూ ఉన్నారు, తప్పలేదు. ‘కొనడం లేదు, లీజే కదా’ అనే వాదన పనికిరాదు. దీనికి మూలమైన 1959 నాటి ఒకటో రెగ్యులేషన్ ప్రకారం బదిలీ అంటే అమ్మకమే కాదు. తాకట్టు, లీజు, దానం, చివరికి ఆ భూమికి సంబంధించిన ఒప్పందం కూడా. 1970 సవరణతో గిరిజనేతరుడు మరో గిరిజనేతరుడికి అమ్మినా చెల్లదు. ఏజెన్సీలో గిరిజనేతరుడి దగ్గరున్న భూమి గిరిజనుడి నుంచి వచ్చిందనే చట్టం అనుకుంటుంది. కాదని నిరూపించాల్సింది అతనే. స్టాంపు పేపరు మీద అగ్రిమెంటు రాయించుకుని అడ్వాన్సు ఇచ్చేవాళ్లు ఇక్కడే మునుగుతారు. 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లా వచ్చాక నిబంధన సడలిందన్నదీ వట్టి మాటే. షెడ్యూల్డ్ ప్రాంతాల హద్దులు మార్చాలంటే రాష్ట్రపతి ఉత్తర్వు కావాలి.

ఇదే చట్టంలోని ‘వ్యక్తి’ అన్న మాటలో ప్రభుత్వం కూడా వస్తుందా? అనంతగిరి మండలం గనుల లీజులపై ‘సమత’ అనే స్వచ్ఛంద సంస్థ కేసులో 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుకు ఇదే కీలకం. ముగ్గురు జడ్జీల్లో ఇద్దరు వస్తుందన్నారు. దాంతో ఏజెన్సీలోని ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతరులకు లీజుకివ్వడం కుదరకుండా పోయింది. 2001లో ఛత్తీస్‌గఢ్‌లోని అల్యూమినియం కంపెనీ బాల్కో కేసులో సుప్రీంకోర్టు ఈ తీర్పుపై గట్టి సందేహమే వెలిబుచ్చింది, కానీ అక్కడి చట్టం వేరంటూ దాన్ని కదపలేదు. షెడ్యూల్డ్ ప్రాంతాల పాలన గురించి చెప్పే రాజ్యాంగం ఐదో షెడ్యూలు గవర్నరుకు ఇచ్చిన అధికారానికీ హద్దుంది: ఏజెన్సీ టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే కేటాయించిన జీవో 3ని 2020లో ఐదుగురు జడ్జీల ధర్మాసనం కొట్టేసింది. మాలో కొందరికి ఆ తీర్పు ఇప్పటికీ మింగుడుపడలేదు.

రాజ్యాంగంలోని 265వ అధికరణ చూపించి ఆస్తిపన్ను ఎగ్గొట్టొచ్చన్న వాట్సాప్ సందేశాన్ని నమ్మకండి. చట్టం లేకుండా పన్ను వేయకూడదని మాత్రమే ఆ అధికరణ అంటుంది. ఆ చట్టం చేసే వీలు శాసనసభకు 243ఎక్స్ అధికరణ ఇచ్చింది. లెక్క తప్పనిపిస్తే నోటీసులోని గడువులోపు అభ్యంతరం రాసివ్వండి.

డ్రైనేజీ సమస్యకు నేరుగా 32వ అధికరణ కింద సుప్రీంకోర్టుకు వెళ్దామన్న ప్రతిపాదనను పక్కన పెట్టాం. అది ప్రాథమిక హక్కులకే పరిమితం. 226 కింద హైకోర్టు పరిధి అంతకన్నా వెడల్పు. అక్కడికైనా ఉత్త చేతులతో వెళ్లకూడదు. ముందు సమాచార హక్కు దరఖాస్తుతో ఫైలు నకలు తీసుకోవాలి. పొరపాటున వేరే శాఖకు పెట్టినా ఐదు రోజుల్లో సరైన చోటికి వాళ్లే పంపాలి. తర్వాత అర్జీ ఇచ్చి రసీదు తీసుకోవాలి. అర్జీ లేని రిట్లు చాలావరకు ‘ముందు అధికారికి విన్నవించుకోండి’ అన్న ఒక్క వాక్యంతో ముగుస్తాయి.

వచ్చే ఏడాది తీరప్రాంత నిర్మాణాల అంశం తీసుకుంటాం. పర్యావరణ వివాదాలు వినే జాతీయ హరిత ట్రిబ్యునల్ చెన్నై బెంచిలో, ఆ ట్రిబ్యునల్ చట్టం సెక్షన్ 14 కింద, వివాదానికి కారణం మొదట తలెత్తిన నాటి నుంచి ఆరు నెలల్లోపు కేసు వేయాలి, సరైన కారణం చూపితే మరో 60 రోజులు. కాబట్టి సభ్యులు పంపే ఫొటోల మీద తేదీ తప్పక ఉండాలి.