బార్బరోసా రాత్రి నడిచిన రెండు ఉత్తర్వులు

సంపాదకులకు,

జూన్ 22 వచ్చిందంటే 1941లో సోవియట్ యూనియన్ మీద జర్మనీ 'బార్బరోసా' అనే సంకేతనామంతో జరిపిన దాడి గురించి పత్రికల్లో వ్యాసాలు వస్తాయి. దాదాపు అన్నింట్లోనూ ఒకటే మాట: స్టాలిన్ హిట్లర్‌ను నమ్మి మోసపోయాడు, అందుకే ఎర్రసైన్యం నిద్రలో దొరికిపోయింది అని. ఇందులో నిజం కొంతే ఉంది. నింద మొత్తం ఒక్కడి నమ్మకం మీద వేసేస్తే, సన్నద్ధత ఎక్కడ తెగిందో కనిపించకుండా పోతుంది. ఆ రాత్రి ఉత్తర్వులు ఎలా నడిచాయో గడియారం పక్కన పెట్టుకుని చూడాలి.

రక్షణ కమిసార్ (మంత్రి) తిమోషెంకో, జనరల్ స్టాఫ్ అధిపతి జుకోవ్ సంతకాలు పెట్టిన ఒకటో నంబరు ఆదేశం మాస్కో నుంచి అర్ధరాత్రి దాటాక, సుమారు 12.30కి బయల్దేరింది. 22న గానీ 23న గానీ ఆకస్మిక దాడి జరగొచ్చు, కవ్వింపులకు లొంగవద్దు, అయినా పూర్తి సిద్ధంగా ఉండండి, తెల్లవారేలోగా విమానాలను చెదరగొట్టి దాచండి, ప్రత్యేక ఉత్తర్వు లేనిదే ఇంకే చర్యా వద్దు. ఇదీ దాని సారం. ఇంత పొడుగు మాటను సంకేత లిపిలో పెట్టాలి, అందుకున్నచోట విప్పాలి, మళ్లీ పెట్టి కిందికి పంపాలి. మిన్స్క్‌లోని పశ్చిమ సైనిక జిల్లా తన కింది సైన్యాలకు పంపేసరికి రెండున్నర అయింది. నాలుగు గంటల ప్రాంతంలో ఫిరంగులు మొదలయ్యాయి. చాలా రెజిమెంట్లకు ఆదేశం కంటే ముందు గుండ్లే చేరాయి. మరోవైపు జర్మన్ విద్రోహ దళాలు టెలిఫోన్ తీగలు కోసేశాయి. సైన్యం ఎక్కువగా ఆధారపడింది పౌర టెలిఫోన్ స్తంభాల మీదే; రేడియో వాడకం అలవాటు కాలేదు.

ఆదేశం చేరినచోట మాత్రం ఏం చెయ్యాలి? ఎదురుగా వస్తున్నది దాడా, కవ్వింపా అని తేల్చే భారం డివిజన్ కమాండర్ నెత్తిన పడింది. 1937-38లో స్టాలిన్ జరిపిన ప్రక్షాళనలో ఐదుగురు మార్షల్స్‌లో ముగ్గురిని పోగొట్టుకున్న సైన్యం అది. సొంతంగా నిర్ణయం తీసుకున్నవాడికి ఏమవుతుందో అందరూ కళ్లారా చూశారు.

అదే రాత్రి నౌకాదళంలో జరిగింది చూడండి. నౌకాదళ కమిసార్ కుజ్నెత్సోవ్ అంతకుముందే మూడు మెట్ల సంసిద్ధత పద్ధతి పెట్టి, దాని మీద పదేపదే కసరత్తులు చేయించాడు. ఏ అంకెకు ఎవరు ఎక్కడ నిలబడాలి, ఏ తుపాకికి మందుగుండు ఎక్కించాలి అన్నది నావికుడికి కంఠతా వచ్చు. బాల్టిక్ నౌకాదళం జూన్ 19కే రెండో నంబరులో ఉంది. 21 రాత్రి ఆయన 'సంసిద్ధత నంబరు ఒకటి' అని టెలిగ్రాం ఇచ్చి, అది చేరేదాకా ఆగకుండా టెలిఫోన్లో కూడా చెప్పాడు. బాల్టిక్‌లో అర్ధరాత్రిలోపే, నల్లసముద్ర నౌకాదళ స్థావరం సెవస్తోపోల్‌లో ఒంటిగంటంబావుకు అమలైంది. సెవస్తోపోల్‌లోనూ తీగ తెగి ఇంకెర్మన్ దీపస్తంభం వెలుగుతూనే ఉండిపోతే, ఆర్పడానికి మోటార్ సైకిల్ మీద మనిషిని పంపారు. మూడు దాటాక మైన్లు జారవిడవడానికి వచ్చిన జర్మన్ విమానాలకు విమాన విధ్వంసక తుపాకులు స్వాగతం చెప్పాయి. ఆ తొలి దాడిలో అక్కడ ఒక్క యుద్ధనౌకా పోలేదు.

రేవుల్లో ఉండే ఓడలకూ, వందల మైళ్ల సరిహద్దు వెంట పరచుకున్న సైన్యానికీ పోలికేమిటని అనవచ్చు. నిజమే, నౌకాదళం మీద పడిన దెబ్బ కూడా చిన్నదే. కానీ విమాన స్థావరాలను రేవులతో పోల్చడంలో తప్పు లేదు. సోవియట్ లెక్క ప్రకారమే తొలిరోజు సుమారు 1,200 విమానాలు పోయాయి, అందులో 800 నేల మీదే.

బ్రెస్ట్ కోట ఇంకా ఘోరం. వేల మంది సైనికులు గోడల లోపల, సరిహద్దు నదికి ఆనుకుని పడుకున్నారు. యుద్ధ ప్రణాళిక ప్రకారం వాళ్లలో అత్యధికులు బయటికి వెళ్లి తమ రక్షణ స్థానాల్లో నిలవాలి. కొద్దిపాటి ద్వారాల గుండా అంతమంది బయటపడటానికే గంటలు పడుతుంది. తొలి గుండ్లు ఆ ద్వారాల మీదే పడ్డాయి.

ఇక ట్యాంకుల సంగతి. 'సోవియట్ల దగ్గర 23,000 ట్యాంకులు, జర్మన్ల దగ్గర మూడున్నర వేలు' అని రాసి వదిలేస్తారు. పాత రకాల్లో 29 శాతానికి భారీ మరమ్మతు, 44 శాతానికి మధ్యస్థ మరమ్మతు కావాలి. కర్మాగారాలు కొత్త రకం టి-34 ట్యాంకుకు మారడంతో పాత రకాలైన టి-26, బిటిల విడిభాగాలు దొరకడం మానేశాయి. ఒక్కో యాంత్రిక కోర్‌కు (కొన్ని డివిజన్లు కలిసిన ట్యాంకు దళానికి) 1,031 ట్యాంకుల చొప్పున దాదాపు ముప్పై కోర్‌లను ఒకేసారి తలకెత్తుకోవడంతో లారీలు, ట్రాక్టర్లు, శిక్షణ పొందిన డ్రైవర్లు ఎక్కడా చాలలేదు. రియాబిషెవ్ నడిపిన 8వ కోర్ మారుతున్న ఉత్తర్వుల వెంట అటూ ఇటూ దాదాపు 500 కిలోమీటర్లు తిరిగి, ఉక్రెయిన్‌లోని బ్రోదీ దగ్గర యుద్ధానికి దిగేసరికే సగం దాకా ట్యాంకులను దారిలో వదిలేసింది. క్లచ్ కాలిపోయిన ట్యాంకును లాగడానికి ట్రాక్టర్ లేకపోతే దాన్ని పేల్చేసి నడిచి వెళ్లడమే గతి.

మరి స్టాలిన్ తప్పు? ఉంది, పెద్దదే. బ్రిటన్ సంగతి తేలకుండా జర్మనీ రెండో రంగం తెరవదని ఆయన గట్టిగా నమ్మాడు. గూఢచారి విభాగం అధిపతి గోలికోవ్ మార్చి 20 నివేదికలో దాడి వార్తలన్నీ పేర్చి, చివరికి అవి తప్పుడు ప్రచారం అన్నట్టు తేల్చాడు. పై అధికారి వినాలనుకున్నదే కింది అధికారి రాసిపెట్టాడు. కీవ్ జిల్లా కమాండర్ కిర్పొనోస్ సరిహద్దు ముందు స్థానాలకు దళాలను కదిపితే, జూన్ 10న వెనక్కి తీసుకోమని మాస్కో ఆదేశించింది. అలాగని స్టాలిన్ చేతులు ముడుచుకుని కూర్చోలేదు. శిక్షణ పేరుతో సుమారు 8 లక్షల మంది రిజర్వు సైనికులను పిలిపించాడు, లోపలి జిల్లాల నుంచి సైన్యాలను పడమటికి కదిపాడు. ఆ పని సగంలో ఉండగానే దాడి వచ్చిపడింది.

పశ్చిమ సైన్యాలను నడిపిన జనరల్ పావ్లోవ్‌ను సరిగ్గా నెల తిరిగేసరికి, జూలై 22న కాల్చి చంపారు. వచ్చే జూన్‌లో ఈ విషయం మీద వ్యాసం వేసేటప్పుడు ఆ ఒకటో నంబరు ఆదేశాన్ని పూర్తిగా అచ్చువేసి, పక్కనే అది ఏ దళానికి ఎన్ని గంటలకు చేరిందో కూడా ఇవ్వండి.

భవదీయుడు,
ఒక పాఠకుడు