మా టైలరక్క చేసేది సేవ కాదా?

ఎడిటర్ గారికి నమస్కారమండి,

క్రిస్మస్‌కి మీ పేపర్లో చర్చిల ఫొటోలు, క్వయర్ వాళ్ళ ఫొటోలు, పాస్టర్ గార్ల సందేశాలు వేస్తారు కదా, నేను ప్రతి ఏడూ కత్తిరించి దాచుకుంటాను. కానీ చాలా రోజుల్నుంచి మనసులో ఉన్న మాట ఒకటి రాయాలనిపించింది. మన తెలుగు క్రైస్తవుల్లో సేవ అనే మాట బాగా ఇరుకైపోయిందండి. ఫలానా వాళ్ళబ్బాయి సేవలో ఉన్నాడంటే పాస్టర్ అయ్యాడనే అర్థం, మహా అయితే కీబోర్డు వాయిస్తున్నాడని. గవర్నమెంటు ఆస్పత్రిలో నైట్ డ్యూటీ చేసే నర్సుని గానీ, కరెంటు పని చేసే కుర్రాణ్ణి గానీ సేవలో ఉన్నారని ఎవరన్నా అంటారా. యూత్ మీటింగ్‌లో తలాంతులు, అంటే దేవుడిచ్చిన నేర్పు ఉన్నవాళ్ళు ముందుకు రండమ్మా అంటే పాడేవాళ్ళే లేస్తారు, మిగతా పిల్లలు తలొంచుకుని కూర్చుంటారు, చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

బైబిల్ వాక్యంలో ఇలా లేదు కదండీ. దేవుడు తన ఆత్మతో నింపానని చెప్పిన బెసలేలు బంగారం పని, వెండి పని, రాళ్ళు చెక్కడం, కర్ర పని చేసే మనిషి. దొర్కా అనే విశ్వాసురాలు చనిపోతే విధవరాళ్ళు ఏడుస్తూ యేసు శిష్యుడు పేతురుకి చూపించింది ఆవిడ కుట్టిచ్చిన బట్టలే.

మా గుంటూరు సంగతే తీసుకోండి, 1883లో అమెరికా నుంచి వచ్చిన అన్నా కుగ్లర్ గారు డాక్టరే, అయినా మిషన్ వాళ్ళు మొదట్లో వైద్యం పనికి ఒప్పుకోలేదు, వేరే పనులు అప్పజెప్పారు, ఆవిడ అవి చేస్తూనే రోగుల్ని చూడ్డం మాత్రం మానలేదు. తర్వాత వాళ్ళే సరేనన్నారు, 1898లో ఆడవాళ్ళకీ పిల్లలకీ ఆస్పత్రి తెరిచారు, ఈరోజుకీ ఊళ్ళో కుగ్లర్ ఆస్పత్రి అంటే తెలియని వాళ్ళుండరు. ఆవిడ తన చదువుని పక్కన పెట్టేసి ఉంటే ఎంతమంది తల్లుల ప్రాణాలు పోయేవో అనిపిస్తుంది నాకు.

మా సంఘంలో ఒక టైలరక్క ఉంది. జాకెట్లు కుట్టగా మిగిలిన మెత్తటి కాటన్ ముక్కలు ఒక సంచిలో వేసి ఉంచుతుంది, రాత్రి షాపు కట్టేశాక వాటితో అప్పుడే పుట్టిన పిల్లలకి చిన్న చిన్న జుబ్బాలు కుడుతుంది. గుండీలు పెట్టదు, గుచ్చుకుంటాయని, తాళ్ళే పెడుతుంది, కుట్టు కూడా ఒంటికి తగలకుండా బయటివైపుకి వేస్తుంది. నెలకోసారి ప్రసూతి వార్డుకి పట్టుకెళ్ళి ఇచ్చొస్తుంది. నువ్వు చేసేది సేవే కదక్కా అన్నాను ఒకసారి. "నాదేం సేవమ్మా, నాకు వాక్యం చెప్పడం రాదుగా" అంది. చిన్నప్పట్నుంచి మందిరానికి వస్తున్న మనిషి ఆ మాట అందంటే తప్పు మా సంఘం అందరిదీ, నాది కూడా, ఇన్నేళ్ళలో ఒక్క సాక్ష్యంలో అయినా ఆమె పని గురించి నేను చెప్పలేదు.

అందుకే అడుగుతున్నానండి, ఈసారి క్రిస్మస్ పేజీల్లో ఒక అరపేజీ ఇలాంటి వాళ్ళకి ఇవ్వండి. మా అక్క ఫొటోకి ఎలాగూ ఒప్పుకోదు, ఆ కుట్టుమిషనూ పక్కన మడతపెట్టిన జుబ్బాలూ వేసినా చాలు.

ఇట్లు,
ఒక సంఘ సభ్యురాలు,
గుంటూరు