కౌన్సెలింగ్ తొలిరోజు కాదు, నెల దాటాక కావాలి

సంపాదకులకు నమస్కారం.

ఘాట్‌లో బస్సు పడినా, క్యూలో తొక్కిసలాట జరిగినా, ఊళ్లోకి వరద వచ్చినా మర్నాటి పేపర్లో ఒక వాక్యం తప్పదు: ‘బాధితులకు నిపుణులు కౌన్సెలింగ్ ఇచ్చారు.’ ఉద్దేశం మంచిదే. కానీ ఆ మాట వెనక తరచూ జరిగేదేమిటంటే, మంచం పక్కన కుర్చీ వేసుకుని ‘ఏం జరిగిందో మొదటినుంచీ చెప్పమ్మా, ఏడుపొస్తే ఏడ్చెయ్, లోపల పెట్టుకోకు’ అనడం. లోపల దాచుకుంటే కుళ్లుతుందన్న మన నమ్మకానికి ఇది బాగా అతికింది. పరిశోధనలకు మాత్రం అతకలేదు.

ఈ పద్ధతిని డీబ్రీఫింగ్ అంటారు. అగ్నిమాపక, అంబులెన్స్ సిబ్బందిని దృష్టిలో పెట్టుకుని అమెరికాలో జెఫ్రీ మిచెల్ 1983లో దీనికో రూపం ఇచ్చారు. తర్వాత అది అందరికీ పాకింది. 1997లో బ్రిటన్‌లో బిసన్ బృందం కాలిన గాయాలతో చేరిన 133 మందిని, ఎవరు ఏ గుంపో చీటీ తీసినట్టు తేల్చి, కొందరికే డీబ్రీఫింగ్ చేసింది. 13 నెలలయ్యాక చూస్తే, చేయించుకున్నవాళ్లలో 26 శాతం మందికి పీటీఎస్‌డీ (ఘోర ఘటన తర్వాత నెల దాటినా వదలని భయం, పీడకలల జబ్బు) ఉంది. చేయించుకోనివాళ్లలో 9 శాతమే. మొదటి గుంపువాళ్ల గాయాలు మొదటే కాస్త ఎక్కువన్న అభ్యంతరం ఉంది, అది న్యాయమైనదే. అయితే రోడ్డు ప్రమాదాల బాధితులను మూడేళ్లు గమనించి 2000లో ప్రచురించిన మరో అధ్యయనం కూడా అటే మొగ్గింది. మొదట్లో బాగా కలతపడి డీబ్రీఫింగ్ అందుకున్నవాళ్లు అలాగే ఉండిపోయారు, అందుకోనివాళ్లు తేరుకున్నారు. ఒకేసారి కూర్చోబెట్టి చెప్పించడంవల్ల పీటీఎస్‌డీ ఆగదని 2002లో కాక్రేన్ సమీక్ష (అప్పటిదాకా వచ్చిన వైద్య అధ్యయనాలను కలిపి తూచేది) తేల్చింది.

ఎందుకిలా? భయం గుండెల దాకా ఎక్కాక దిగడానికి వ్యవధి కావాలి. గంటసేపు చెప్పించి, భయం ఎక్కినచోటే వదిలేసి వెళ్లిపోతే ఆ మనిషికి మిగిలేది ఎక్కడం ఒక్కటే. పదిమందిని కలిపి కూర్చోబెడితే తాను చూడని శవాలు కూడా పక్కవాళ్ల మాటల్లో కళ్లకు కడతాయి. పైగా తొలి రోజుల్లో నిద్ర పట్టకపోవడం, చిన్న చప్పుడుకే ఉలిక్కిపడటం, ఆ దృశ్యమే కదలాడటం జబ్బు కాదు. 24 దేశాల సర్వేల్లో 70 శాతానికి పైగా జనం జీవితంలో ఒక్కసారైనా ఇలాంటి ఘటనను ఎదుర్కొన్నారు. పీటీఎస్‌డీ ఎప్పుడో ఒకప్పుడు వచ్చినవాళ్లు 4 శాతానికి అటూఇటూ. ఎక్కువమంది వాళ్లంతట వాళ్లే తేరుకుంటారు.

మన ఇళ్లలో దీన్నే ‘జడుసుకున్నాడు’ అంటారు. మంత్రించి తెస్తారు, తాయెత్తు కడతారు, దిష్టి తీస్తారు. దానితో నాకు పేచీ లేదు. ఆ వంకన చుట్టాలు చేరతారు, పని మాన్పిస్తారు, రాత్రి పక్కనే పడుకుంటారు. పనిచేసింది తాయెత్తా, చుట్టాలా అన్నది వేరే చర్చ.

తొలి రోజుల్లో చేయాల్సింది ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011 చేతిపుస్తకంలో మూడు మాటల్లో ఉంది: చూడు, విను, కలుపు (అంటే అయినవాళ్లతో, సాయం చేసేవాళ్లతో కలపడం). తిరుపతిలో దీనర్థం చాలా మామూలు పనులు. కాజువాలిటీ బయట ఎవరు ఏ వార్డులో ఉన్నారో రాసిన జాబితా. ఫోను ఛార్జింగు. యాత్రికుల్లో ఎక్కువమంది వేరే ఊళ్లవాళ్లు కాబట్టి తమిళం, కన్నడం వచ్చిన మనిషి. పిల్లల్ని పెద్దలనుంచి విడదీయకపోవడం. చెప్పదలిస్తే వినడం, చెప్పకపోతే తవ్వకపోవడం. ‘ఆ స్వామే నిన్ను కాపాడాడు’ అన్న మాట భార్యను పోగొట్టుకున్నవాడి దగ్గర నోరు జారకూడదు. ఆ మాట వెంటనే అతనికి తోచేది ‘మరి ఆమెను?’ అని.

పోస్టుమార్టం కాగితం, పరిహారం చెక్కు త్వరగా చేతికివ్వడం కూడా చికిత్సలో భాగమే. ఇది అలంకారంగా అనడం లేదు. 2000లో బ్రూయిన్ తదితరులు పాత అధ్యయనాలన్నిటినీ కలిపి లెక్కగడితే, మనిషి పూర్వస్థితికన్నా ఘటన తర్వాత తోడు లేకపోవడం, కొత్త ఒత్తిళ్లు పడటమే పీటీఎస్‌డీకి బలమైన సూచికలుగా తేలాయి. సర్టిఫికెట్టు కోసం ఆరు ఆఫీసులు తిప్పడం అచ్చంగా అలాంటి ఒత్తిడే.

అసలు పని నెల దాటాక మొదలవుతుంది. లక్షణాలు నెలకు మించి ఉంటేనే పీటీఎస్‌డీ అంటారు. అప్పటికి కర్మాంతరాలు ముగుస్తాయి, చుట్టాలు వెళ్లిపోతారు, కెమెరాలు ఎప్పుడో వెళ్లిపోయి ఉంటాయి. సరిగ్గా అప్పుడే ఎవరూ ఉండరు. 2021 నవంబరు వరదలు, 2022 మార్చిలో భాకరాపేట ఘాట్‌లో నిశ్చితార్థం బస్సు ప్రమాదం, 2025 జనవరి 8న వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల దగ్గర ఆరుగురిని బలిగొన్న తొక్కిసలాట... ఏ ఘటనకైనా డిశ్చార్జి రోజున రెండు ఫోను నంబర్లు (బాధితుడిది, దగ్గరివాళ్లది) రాసుకుని, ఐదో వారంలో ఫోను చేసే ఏర్పాటు కావాలి. స్థానికులకైతే ఆశా, ఏఎన్ఎం ఇంటికే వెళ్లగలరు. దీనికి వైద్య నిపుణుల దండు అక్కర్లేదు. భోపాల్ దుర్ఘటన తర్వాత 1985లో బెంగళూరు మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ బృందం అక్కడి సాధారణ వైద్యులకే శిక్షణ ఇచ్చింది.

అడగాల్సినవి ఐదు ప్రశ్నలు. ఈ నెలలో ఆ ఘటన పీడకలగానో, వద్దన్నా ఆలోచనగానో వచ్చిందా? దాన్ని తలచుకోకుండా, ఆ చోటికి పోకుండా గట్టిగా ప్రయత్నిస్తున్నారా? ఎప్పుడూ కాపలా కాస్తున్నట్టు, చిన్నదానికే ఉలిక్కిపడుతున్నట్టు ఉందా? మనుషులమీద, పనులమీద మనసు మొద్దుబారిందా? జరిగినదానికి మిమ్మల్నో, ఇంకొకరినో నిందించడం ఆపలేకపోతున్నారా? మూడింటికి ‘అవును’ వస్తే పూర్తి పరీక్షకు పంపాలి. ఇరవై ప్రశ్నల పీసీఎల్-5 ఉంది, ఒక్కోదానికి 0 నుంచి 4, మొత్తం 80. 31–33 దాటితే వైద్యుడు ముఖాముఖి చూసి నిర్ధారించాలి.

ఇక్కడ తప్పులు ఎక్కువగా నాలుగో ప్రశ్న దగ్గర జరుగుతాయి. ‘మొద్దుబారింది’ అంటే పల్లెలో కాలో చెయ్యో అనుకుంటారు. ‘మనవడు నవ్వినా మీకు నవ్వు రావడంలేదా, ఇంట్లోవాళ్లే పరాయివాళ్లలా ఉన్నారా’ అని అడగాలి. కోడలిని అత్త ముందు అడిగితే అన్నిటికీ ‘బాగున్నా’ అనే జవాబు. దుఃఖాన్నీ పీటీఎస్‌డీనీ కలిపేయకూడదు. దుఃఖంలో పోయినమనిషి కావాలని మనసు లాగుతుంది, పీటీఎస్‌డీలో ఆ క్షణం గుర్తుకే రాకూడదని పారిపోతుంది. రెండూ కలిసి ఉండటమూ ఉంది. ఇక చాలామంది మనసు ఊసే ఎత్తరు. గుండె దడ, ఛాతీ పట్టేసినట్టుందని వస్తారు. ఈసీజీ బాగుందని గ్యాస్ మాత్రతో పంపేస్తే కథ అక్కడితో సరి. ‘ఈమధ్య ఏదైనా ప్రమాదం చూశారా’ అని ఒక్క మాట అడగొచ్చు.

‘చెప్పించడం తప్పన్నారు, మరి చికిత్సలో చెప్పించడమే కదా’ అని అడగొచ్చు. తేడా మోతాదులో ఉంది. ఎడ్నా ఫోవా రూపొందించిన ప్రొలాంగ్డ్ ఎక్స్‌పోజర్‌లో (భయాన్ని తప్పించుకోకుండా ఎదుర్కొనే చికిత్స) 8 నుంచి 15 విడతలు, ఒక్కోటి 60–90 నిమిషాలు. కళ్లు మూసుకుని అదే కథను వర్తమానంలో చెబుతారు, రికార్డు చేసుకుని ఇంట్లో రోజూ వింటారు. భయం ఎక్కి, మెల్లగా తగ్గేదాకా అక్కడే ఉంటారు. దానితోపాటు తప్పించుకుంటున్న చోట్లకు మెట్టుమెట్టుగా వెళ్లాలి. తొక్కిసలాటలో చిక్కినవాళ్లకు 0–100 భయం కొలతలో మధ్యాహ్నం ఖాళీ బస్టాండు 30, మామూలు రోజు గోవిందరాజస్వామి గుడి 50, శనివారం సాయంత్రం గాంధీ రోడ్డు 70 కావచ్చు. 30, 40 దగ్గర మొదలుపెట్టి, భయం సగానికి తగ్గేదాకా నిలబడి, రోజూ వెళ్లాలి. భయం శిఖరాన ఉన్నప్పుడు వెనక్కి తిరిగితే ‘పారిపోయాను కాబట్టే బతికాను’ అని మనసు పాఠం నేర్చుకుంటుంది. భర్త చెయ్యి వదలకుండా నిలబడినా అంతే. గోవింద నామం అనుకోవడంలో తప్పులేదు, అది ఆపితే చచ్చిపోతానన్న లెక్క ఉంటేనే చిక్కు. తిరుచానూరు పంచమి తీర్థం రద్దీ మాత్రం ఈ మెట్లలో ఉండకూడదు. అది నిజంగానే జాగ్రత్తపడాల్సిన రద్దీ, చికిత్స సురక్షితమైన చోట్లకే.

‘నేను చెయ్యి వదిలేశాను’ అన్న అపరాధభావం పట్టి పీడించేవాళ్లకు పట్రిషియా రెసిక్ రూపొందించిన 12 విడతల కాగ్నిటివ్ ప్రాసెసింగ్ థెరపీ (అలాంటి తప్పు ఆలోచనలను పరీక్షించి సరిదిద్దుకునే చికిత్స) బాగా నప్పుతుంది. కళ్ల కదలికలతో చేసే ఈఎమ్‌డీఆర్‌కు కూడా ఆధారాలున్నాయి.

మందుల సంగతి. నిద్రకని అల్ప్రజొలాం, క్లోనజెపాం రాసివ్వడం అలవాటైపోయింది. ఇలాంటి ఘటన తర్వాత తొలి నెలలో ఆ లక్షణాలకు ఈ జాతి మందులు వాడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో చెప్పింది. అలవాటుపడే ప్రమాదం ఒకటి, భయం తగ్గుతుందని మెదడు నేర్చుకునే పనికి అడ్డుపడతాయన్న అనుమానం ఇంకొకటి. పీటీఎస్‌డీ నిర్ధారణయ్యాక సెర్ట్రలిన్, పారాక్సిటిన్ పనికొస్తాయి, గుణం కనబడటానికి వారాలు పడుతుంది. ఇప్పటికే నెలలతరబడి అల్ప్రజొలాం వాడుతున్నవాళ్లు ఈ ఉత్తరం చదివి ఒక్కసారిగా ఆపేయకండి, ఫిట్స్ రావచ్చు. డాక్టరు చేత మెల్లగా తగ్గించుకోవాలి.

పత్రికలవాళ్లుగా మీ వంతు కూడా ఉంది. బోస్టన్ మారథాన్ పేలుళ్ల తర్వాత చేసిన అధ్యయనంలో (2014లో ప్రచురితం) రోజుకు ఆరుగంటలకు పైగా ఆ వార్తలు చూసినవాళ్లలో, పేలుడు దగ్గర ఉన్నవాళ్లకన్నా ఎక్కువ తీవ్ర ఒత్తిడి కనిపించింది. పడిపోయినవాళ్ల ఫొటోలు వారంపాటు తిప్పితిప్పి వేయకండి. వార్డులోకి మైకు పంపకండి. ఆ మిగిలిన జాగాను దాచి, ఘటన జరిగిన ముప్పై అయిదో రోజున ఒక చిన్న పెట్టె కట్టండి: పై ఐదు ప్రశ్నలు, తెలుగులోనూ మాట్లాడే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416, రుయా ఆస్పత్రి మానసిక వైద్య విభాగం ఓపీ వేళలు.

ఇట్లు,
మనోవిజ్ఞాన శాస్త్ర అధ్యాపకుడు,
తిరుపతి